సెట్టింగులు కంప్యూటర్లో ఉండాలా, ఫైల్లో ఉండాలా? లిబ్రేఆఫీస్ రైటర్ వాడేవారి అభిప్రాయాలు కావాలి

పెన్నాగట్టు, కడప

మా ప్రాంత చరిత్ర మీద పదకొండు మంది రాసిన వ్యాసాలను ఒక సంపుటంగా కూర్చే పని ఈ ఏడాది నా మీద పడింది. వ్యాసకర్తల్లో కొందరు కడపలో, కొందరు ప్రొద్దుటూరులో, మిగిలినవారు జమ్మలమడుగు, ఆదోని, అనంతపురాల్లో ఉన్నారు. అందరమూ వర్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రేఆఫీస్ రైటర్‌లోనే పనిచేయాలని మొదటే అనుకున్నాం కనుక ఇక ఇబ్బందేమీ ఉండదని నమ్మాను. మొదటి ప్రూఫు నా కంప్యూటర్లో 212 పేజీలు వచ్చింది. అదే ఫైలును ప్రొద్దుటూరులో తెరిచినవారు 231 పేజీలు ఉన్నాయని ఫోన్ చేశారు. అప్పటికే విషయసూచికను ప్రింటు తీసి అందరికీ పంపి ఉన్నాను. మొదటి వ్యాసం దాటితే వారి దగ్గర ఒక్క పేజీ సంఖ్య కూడా దానితో కలవలేదు.

కారణం వెతికితే చిన్నదే తేలింది. నేను వాడిన మండలి ఫాంటు వారి కంప్యూటర్లో లేదు. ఫాంటు లేదని రైటర్ ఫైలును తెరవకుండా మానదు. తెలుగు అక్షరాలున్న మరొక ఫాంటును తెచ్చి ఆ స్థానంలో నిలబెట్టి చూపిస్తుంది. ఫాంటు పేరు కనిపించే పెట్టెలో మాత్రం మండలి అనే ఉంటుంది, కాకపోతే ఆ పేరు వాలుగా ఉంటుంది. ఆ వాలును గమనించేవారు ఎందరుంటారు? తెలుగు ఫాంట్లలో ఒత్తులకు కింద ఎంత చోటు వదలాలన్నది ఒక్కొక్క రూపకర్త ఒక్కొక్క రకంగా నిర్ణయించుకుంటాడు కనుక, ఫాంటు మారితే లైను ఎత్తు మారుతుంది, లైను ఎత్తు మారితే పేజీ మారుతుంది. పందొమ్మిది పేజీల తేడా అలా వచ్చింది.

దీని మీద మా బృందంలో వాదం నడుస్తోంది. టూల్స్ మెనూలోని ఆప్షన్స్‌లో ఏయే గడిలో ఏమి పెట్టాలో ఒక కాగితం మీద రాసి అందరికీ పంపి, పదకొండు కంప్యూటర్లనూ ఒకేలా చేయించాలని కొందరు అంటున్నారు. నాకు ఆ దారి సరైనదిగా తోచడం లేదు. ఏ అమరిక అయినా ఫైలుతో పాటు ప్రయాణం చేయాలి, అంటే స్టైళ్లలోను (శీర్షిక, పేరా వంటివాటికి పేరుపెట్టి దాచుకునే రూపాల్లోను), టెంప్లేటులోను (కొత్త ఫైళ్లకు అచ్చుగా వాడే ఫైలులోను), ఫైలులో పొదిగిన ఫాంటులోను ఉండాలి, మనుషుల కంప్యూటర్ల జోలికి మనం పోకూడదని నా అభిప్రాయం. ఈ పని అనుభవం మీద చేసినవారు ఏమంటారో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

కోర్టు వీధి డీటీపీ, కర్నూలు

పెన్నాగట్టు గారూ, పుస్తకం చేసేవారికి మీ మాట నప్పుతుందేమో గానీ మా వంటి అంగళ్లకు నప్పదు. పద్దెనిమిదేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో స్టైళ్లు అన్నవి ఎవరూ వాడరు. శీర్షికను మధ్యకు తేవడానికి స్పేస్ బారు ఇరవై సార్లు నొక్కి ఉంటారు, కొత్త పేజీ కావాలంటే ఎంటరు నొక్కుకుంటూ పోయి ఉంటారు. అటువంటి ఫైలుతో పాటు ఏ అమరిక ప్రయాణం చేస్తుంది? నా చేతిలో ఉన్నది నా కంప్యూటరు ఒక్కటే.

అందుకని నేను ఆప్షన్స్‌లో అన్నీ ఒకసారి సరిచేసి పెట్టుకున్నాను. భాషల విభాగంలో సంక్లిష్ట లిపుల భాషగా తెలుగును ఎంచుకున్నాను. రైటర్ విభాగంలో బేసిక్ ఫాంట్లు రెండు చోట్ల ఉంటాయి, ఒకటి ఇంగ్లీషు వంటి పాశ్చాత్య లిపులకు, రెండోది తెలుగు, హిందీ వంటి సంక్లిష్ట లిపులకు. చాలామంది మొదటి దానిలో తెలుగు ఫాంటు పేరు పెట్టి, తెలుగు ఎందుకు మారలేదని అడుగుతూ నా దగ్గరికి వస్తారు. రెండో దానిలో పెడితేనే తెలుగుకు పడుతుంది, దాని సైజు కూడా వేరుగానే ఇవ్వాలి. కొలతలు సెంటీమీటర్లలోకి మార్చాను. కోర్టు కాగితాలకు లీగల్ సైజు, అంటే ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల పొడవు కావాలి, తక్కిన పనులకు ఏ4 సరిపోతుంది. నేను సేవ్ చేసే రూపాన్ని కూడా మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైలు రూపమైన డాక్స్‌కు మార్చేశాను, ఎందుకంటే నా ఖాతాదారుల్లో ఎక్కువమంది వద్ద వర్డే ఉంది. ఇవన్నీ కంప్యూటర్లో ఉండబట్టే నా పని రోజూ సాగుతోంది.

ఇక పేజీల తేడా సంగతికి వస్తే, దానికి ఇంత చర్చ అక్కరలేదు. పేరాగ్రాఫ్ అమరికలో లైన్ స్పేసింగ్‌ను ఫిక్స్‌డ్ అని ఎంచుకుని 16 పాయింట్లు ఇవ్వండి. ఏ ఫాంటు వచ్చి కూర్చున్నా లైను ఎత్తు మారదు.

పెన్నాగట్టు, కడప

ఫిక్స్‌డ్ స్పేసింగును నేను చేసి చూశాను, చూసి వెనక్కి తీసుకున్నాను. 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద ట ఒత్తు, దాని పక్కన ర ఒత్తు వస్తాయి. నా ఫాంటులో 16 పాయింట్లకు ఆ ఒత్తులు సరిగ్గా ఇమిడాయి. ప్రొద్దుటూరులో వచ్చిన ఫాంటులో ఒత్తుల అడుగు భాగం తెగిపోయి, ర ఒత్తు సగమే కనిపించింది. 'స్వాతంత్ర్యం' అయితే మరీ ఘోరంగా ఉంది, త కింది ఒత్తులేవో పోల్చుకోవడమే కష్టమైంది. పేజీల లెక్క కలిసిందని సంతోషించి అక్షరాలను కోసుకునే పని తెలుగులో చేయకూడదు. ఇంగ్లీషుకు చెల్లే ఉపాయం ఇది.

మీరు చెప్పిన బేసిక్ ఫాంట్ల విషయంలో ఒక్క మాట. ఆ గడుల్లో పెట్టింది మీరు కొత్తగా తెరిచే ఫైళ్లకే పడుతుంది. బయటినుంచి వచ్చిన ఫైలు తన స్టైళ్లలో ఏమి రాసుకుని వచ్చిందో దాన్నే చూపిస్తుంది. అంటే మీ కంప్యూటర్లోని అమరిక మీరు పుట్టించే ఫైలులోకి ఒకసారి నకలై, అక్కడినుంచి ఆ ఫైలుదే అవుతోంది. ఆ లెక్కన మీరు కూడా తెలియకుండానే నా పద్ధతినే పాటిస్తున్నారు. తేడా ఎక్కడంటే, మీరు ఒక్క అమరికనే నమ్ముకున్నారు కనుక లీగల్ సైజు కావాల్సిన ప్రతిసారీ పేజీని చేత్తో మార్చుకోవాలి. లీగల్‌కు ఒకటి, ఏ4కు ఒకటి టెంప్లేట్లు చేసుకుంటే ఆ పని తప్పుతుంది. ఫైల్ మెనూలో టెంప్లేట్లు అన్నచోట సేవ్ చేసుకోవచ్చు, వాటిలో ఒకదాన్ని ఎప్పుడూ మొదట తెరుచుకునేదిగా కూడా ఎంచుకోవచ్చు.

చాక్‌పీస్, అనంతపురం

నేను పిల్లలకు కంప్యూటరు చెబుతాను. ఒక్కో కంప్యూటరు ముందు రోజుకు ఆరేడు మంది మారుతారు. మా గదిలో అమరికలు అందరికీ ఒకేలా ఉండాలని, వీలైతే తాళం వేసి ఉంచాలని నేను గట్టిగా అంటాను, దానికి నాకు తగిన కారణాలున్నాయి.

కిందటి నెలలో ఒక అమ్మాయి ఊరి చరిత్ర రాస్తూ శీర్షికగా 'అనంతపురం' అని కొట్టి ఎంటరు నొక్కింది. శీర్షిక 'అనంతపురంలోని' అయింది. చెరిపి మళ్లీ కొట్టింది, మళ్లీ అలాగే అయింది. మూడోసారికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, తానేదో తప్పు నొక్కుతున్నానని అనుకుంది. తప్పు ఆమెది కాదు. కొట్టినదాన్ని తానే సరిదిద్దే ఆటోకరెక్ట్ అమరికల్లో మాటల పూరింపు అని ఒకటుంది. అది మనం కొట్టిన పొడవైన మాటలను, అంటే ఎనిమిది అక్షరాలు, ఆపైన ఉన్నవాటిని పోగుచేసుకుని, తరువాత అదే మొదలుతో మరో మాట కొడుతుంటే మిగతా భాగాన్ని తానే చూపుతుంది. ఎంటరు నొక్కితే ఒప్పుకున్నట్టు లెక్క. గుణింతపు గుర్తును, సున్నాను కూడా అది వేరే అక్షరాలుగానే లెక్కపెడుతుంది కనుక మనకు చిన్నగా కనిపించే 'అనంతపురం' కూడా దాని లెక్కకు ఎనిమిది. ఒక మాటకు లో, లోని, నుంచి, వరకు అని ప్రత్యయాలు తగులుకుంటూ పోయే మన భాషలో ఈ పూరింపు చేసే హాని ఇంతా అంతా కాదు. అంతకు ముందు గంటలో కూర్చున్న పిల్లవాడు సరదాగా దాన్ని ఆన్ చేసి వెళ్లాడు, ఫలితం ఈమె అనుభవించింది.

కాగితం సైజు సంగతీ అంతే. భాషల విభాగంలో లొకేల్, అంటే ఏ దేశపు పద్ధతులు పాటించాలన్న గడి, అమెరికా ఇంగ్లీషుగా ఉంటే కొత్త ఫైలు లెటర్ సైజులో తెరుచుకుంటుంది. లెటర్ 21.59 సెంటీమీటర్ల వెడల్పు, 27.94 సెంటీమీటర్ల పొడవు. మన అంగళ్లలో దొరికే ఏ4 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు. తెర మీద చూస్తే ఈ తేడా ఎవరికీ తెలియదు, ప్రింటు తీశాకే కింద ఖాళీ ఎక్కువై, పక్కల ఇరుకై కనిపిస్తుంది. లొకేల్‌ను ఇండియాకు మారిస్తే చాలు. ఇటువంటివి పిల్లల ఇష్టానికి వదిలేస్తే రోజూ నేను ప్రతి కంప్యూటరూ తిరిగి సరిచేసుకోవాలి. సంస్థ మొత్తానికి ఒక అమరికల ఫైలు పెట్టి, ఏవి మార్చకూడదో వాటికి తాళం వేసే వీలు లిబ్రేఆఫీస్‌లో ఉంది. ఆ వీలును వాడుకోవడం నిరంకుశత్వం కాదు, పిల్లలకు రక్షణ.

నల్లరేగడి, ఆదోని

పెన్నాగట్టు గారి సంపుటంలో సేద్యపు పనిముట్ల మీద ఒక వ్యాసం నాది. ఉద్యోగ విరమణ చేసి చాలాకాలమైంది, చూపు మునుపటిలా లేదు. చాక్‌పీస్ గారి తాళం మాట చదివి మనసుకు కష్టమనిపించి రాస్తున్నాను.

నాయనా, నీ బడిలో పిల్లల విషయం నీకే బాగా తెలుసు, దాన్ని నేను కాదనను. కానీ మా బృందంలో అందరికీ ఒకటే అమరిక అన్నవారు నాకు పంపిన కాగితంలో ఫాంటు సైజు 12 ఉండాలని ఉంది. ఆ సైజు నాకు కనబడదు. నాకు ఎలా చేయాలో తెలియక అక్షరాలను 18కి పెంచి, రాసుకుని, అలాగే పంపేశాను. నా వ్యాసం ఒక్కటే పుస్తకంలో నాలుగో వంతు ఆక్రమించిందని పెన్నాగట్టు గారు ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు. అప్పుడు ఆయనే నేర్పించారు, కింద కుడిమూలన ఉండే జూమ్ జరిపితే కంటికి పెద్దగా కనబడుతుంది, ఫైల్లో మాత్రం అక్షరం సైజు మారదని. కంట్రోల్ నొక్కి పట్టి మౌసు చక్రం తిప్పినా చాలట. ఇన్నేళ్లు ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఫైళ్లు పాడుచేశానో. నేను చూసే తీరు వేరు, కాగితం మీద పడే తీరు వేరు అని మొదటే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఎర్ర గీతల విషయం కూడా చెప్పాలి. అక్షరదోషాల తనిఖీ తప్పక ఆన్‌లో ఉండాలని ఆ కాగితంలో రాశారు. నా వ్యాసం నిండా మడక, గుంటక, గెనిమ, గొర్రు వంటి మాటలు. ఒక్కో పుటలో సగానికి సగం మాటల కింద ఎర్రగా మెలికల గీతలు వచ్చాయి. మన భాషలో 'చెప్పుకోలేకపోతున్నానని' అన్నది ఒకే మాట, ఇటువంటివన్నీ ఏ నిఘంటువులో జాబితాగా ఎక్కించగలరు? గీతలు చూసి చూసి, నేను రాసిందే తప్పేమోనని రెండు చోట్ల మా ఊరి మాట తీసేసి పుస్తకాల మాట పెట్టాను. ప్రూఫు చూసినప్పుడు సిగ్గేసి మళ్లీ మార్చుకున్నాను. షిఫ్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే ఆ గీతలు పోతాయని తరువాత తెలిసింది. ఆ మీట నొక్కే హక్కు నాకు ఉండాలి.

చాక్‌పీస్, అనంతపురం

అమ్మగారూ, మీ మాట నాకు తగిలింది. నేను తాళం వేయాలన్నవాటిలో జూమ్, తెర రంగులు, ఎర్ర గీతలు లేవు, ఉండకూడదు కూడా. అవి ఎవరి కంటికి తగ్గట్టు వారు పెట్టుకోవలసినవే. మాటల పూరింపుకు, లొకేల్‌కు మాత్రం తాళం వేయాలన్నది ఇప్పటికీ నా మాటే. మడక, గెనిమ వంటి మాటలను ఎర్ర గీత మీద కుడి మీట నొక్కి నిఘంటువులో చేర్చుకుంటే, ఆ కంప్యూటరు వాటిని మళ్లీ తప్పుపట్టదు. అయితే ఆ చేరిక కూడా మీ కంప్యూటర్లోనే ఉంటుంది, ఫైలుతో పాటు కడపకు వెళ్లదు. ఈ ఒక్క విషయంలో పెన్నాగట్టు గారి వాదం ఏమి చేస్తుందో చెప్పాలి.

పెన్నాగట్టు, కడప

చాక్‌పీస్ గారు సరైన చోట పట్టుకున్నారు. నిఘంటువు ఫైలుతో రాదు, నిజమే. రానవసరం కూడా లేదనిపిస్తోంది. అది రాసేవారికి తోడుగా ఉండేది, రాసినదానిలో భాగం కాదు. నేను ఇన్నాళ్లూ 'అమరికలన్నీ ఫైల్లో ఉండాలి' అంటూ వచ్చాను, అమ్మగారి జాబు చదివాక అది పొరపాటని ఒప్పుకుంటున్నాను. పాఠకుడి చేతికి చేరే కాగితాన్ని మార్చేదేదో అది ఫైల్లో ఉండాలి. రాసేవారి కంటికి, చేతికి సంబంధించినది వారి దగ్గరే ఉండాలి, దాన్ని ఇంకొకరు శాసించకూడదు.

కడపలో ఉంటూ ఈ విషయం మాట్లాడేటప్పుడు బ్రౌన్ దొర గుర్తుకు రాకుండా ఉండడు. ఆయన ఈ ఊళ్లో బంగళా కొని, జీతమిచ్చి పండితులను కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ పండితుల శ్రమలో పెద్ద భాగం కవి మాట ఏది, నకలు రాసినవాడి అలవాటు ఏది అని వేరు చేయడానికే పోయి ఉంటుంది. మన పదకొండు కంప్యూటర్లూ పదకొండు మంది లేఖకులు. వాటి అలవాట్లు వ్యాసంలోకి ఇంకకుండా చూసుకోవడమే సంపాదకుడిగా నా పని అనుకుంటున్నాను.

కంప్యూటర్లోనే ఉండి తీరవలసినవి ఇంకో రెండున్నాయి, వాటి మీద మాత్రం అందరినీ బతిమాలుకుంటున్నాను. ఒకటి, ఆప్షన్స్ మొదట్లో ఉండే యూజర్ డేటాలో మీ పేరు. మార్పుల నమోదు ఆన్ చేసి ప్రూఫు దిద్దినప్పుడు ప్రతి మార్పు పక్కన ఆ పేరే పడుతుంది. ప్రొద్దుటూరులో ఒకే కంప్యూటరు మీద ముగ్గురు దిద్దారు, ముగ్గురి మార్పులూ ఒకే పేరుతో, ఒకే రంగుతో వచ్చాయి. ఒక తేదీ విషయంలో ఇద్దరు పరస్పరం విరుద్ధంగా దిద్దుకున్నారు, ఎవరిని అడగాలో తెలియక మూడు రోజులు ఆగాను. రెండోది, లోడ్ సేవ్ విభాగంలో ఎప్పుడూ బ్యాకప్ ప్రతి ఉంచాలన్న గడి, దాని పక్కనే రికవరీ సమాచారాన్ని ఎన్ని నిమిషాలకోసారి దాచుకోవాలన్న గడి. ఈ నిమిషాల గడిలో మనం మార్చకపోతే పది ఉంటుంది. వేసవిలో మన ఊళ్లలో కరెంటు తీరు తెలిసినవారు దాన్ని మూడుకో ఐదుకో తగ్గించుకోవాలి. పది నిమిషాల పని పోతే నష్టం ఒక పేరా అనుకోకండి, ఆ పేరా మళ్లీ అలాగే రాదు.

రేనాడు, జమ్మలమడుగు

పెన్నాగట్టు గారి మాటలో ఎక్కువ భాగం నాకు సమ్మతమే గానీ, టెంప్లేటు మీద, ఫాంటు పొదగడం మీద ఆయనకున్న నమ్మకాన్ని కొంచెం తగ్గించాలి.

మొదట టెంప్లేటు. ఆయన పంపిన టెంప్లేటుతో వ్యాసం మొదలుపెట్టాను. తరువాత ఆయన శీర్షికల సైజు మార్చి కొత్త టెంప్లేటు పంపారు, దాన్ని పాతదాని స్థానంలో పెట్టాను. నా వ్యాసం తెరవగానే, టెంప్లేటు మారింది, స్టైళ్లను కొత్తవాటికి మార్చాలా, పాతవే ఉంచాలా అని రైటర్ అడిగింది. భయపడి పాతవే ఉంచమన్నాను. అంతే, ఆ వ్యాసానికీ టెంప్లేటుకూ ఉన్న బంధం అక్కడితో తెగిపోయింది. ఆ తరువాత ఎన్ని టెంప్లేట్లు వచ్చినా అది మళ్లీ అడగలేదు. టెంప్లేటు ఫైలుతో ప్రయాణం చేస్తుందనుకోవడం పొరపాటు. ప్రయాణం చేసేవి స్టైళ్లు, టెంప్లేటు ఉన్నచోటే ఉంటుంది. టెంప్లేటు లేని కంప్యూటర్లో ఫైలు ఏమీ అడగకుండానే తెరుచుకుంటుంది కనుక, ఎవరి దగ్గర పాత స్టైళ్లు ఉన్నాయో, ఎవరి దగ్గర కొత్తవి ఉన్నాయో సంపాదకుడికి తెలిసే దారి లేదు.

ఇక ఫాంటు. నా వ్యాసం తొలి తెలుగు శాసనాల లిపి మీద. మన జిల్లాలోని కలమళ్ల శాసనాన్ని 575 నాటిదిగా చెబుతారు, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. ఆనాటి శాసనాల పాఠం ఇవ్వాలంటే ఱ ఒక్కటే చాలదు, ఇప్పుడు వాడుకలో లేని ౚ కూడా కావాలి. ఈ అక్షరానికి, కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో చోటు దొరికిందే 2015లో. అంతకు ముందు తయారైన ఫాంట్లలో దీనికి రూపం ఉండే అవకాశమే లేదు, అటువంటి చోట ఖాళీ గడి కనబడుతుంది. నా దగ్గర ఉన్న ఫాంటులో ఆ అక్షరం ఉంది, ఫైలు ప్రాపర్టీస్‌లోని ఫాంటు పుటలో పొదిగే గడి టిక్ పెట్టి పంపాను. అయినా ఒకరికి ఖాళీ గడులే వచ్చాయి. ఎందుకంటే ఆయన దాన్ని తెరిచి, డాక్స్‌గా మార్చి, తన పద్ధతిలో సేవ్ చేసి తిరిగి పంపారు, ఆ దారిలో నా ఫాంటు జారిపోయింది. ఎవరని అడగను గానీ, సేవ్ చేసే రూపాన్ని డాక్స్‌కు మార్చుకున్నవారు ఈ సంగతి ఆలోచించాలి.

నా సూచన సూటిగా చెబుతాను. పేజీ సంఖ్యలు, విషయసూచిక సరిచూసేవారికి పీడీఎఫ్ పంపండి, అది ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటుంది. దిద్దేవారికి మాత్రమే ఓడీటీ, అంటే రైటర్ సొంత రూపంలోని ఫైలు, పంపండి, వారికి పేజీ సంఖ్యలతో పని లేదని ముందే చెప్పండి. ప్రొద్దుటూరు గొడవ అసలు పుట్టి ఉండేదే కాదు.

కోర్టు వీధి డీటీపీ, కర్నూలు

రేనాడు గారు పేరు చెప్పకపోయినా ఆ మాట నా వంటివారికే తగులుతుంది, అందుకని జవాబిస్తున్నాను. మీ వ్యాసం నా దగ్గరికి రాలేదు గానీ, వచ్చి ఉంటే నేనూ అదే చేసి ఉండేవాణ్ణి. డాక్స్ వాడడం నాకు మోజు కాదు. వకీలు ఆఫీసుకు ఓడీటీ పంపితే, ఇది తెరుచుకోవడం లేదని వెనక్కి పంపుతారు. ఓడీటీ 2006లోనే ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైందని, డాక్స్ రూపానికి 2008లో ఆ గుర్తింపు వచ్చిందని నాకూ తెలుసు. ఏది ముందు ప్రమాణమైందో చెప్పి నా ఖాతాదారుణ్ణి కూర్చోబెట్టలేను కదా.

అయితే ఒక మార్పు చేసుకున్నాను. పెన్నాగట్టు గారు చెప్పినట్టు లీగల్‌కు, ఏ4కు, దానపత్రాల వంటి వాటికి ఎడమ మార్జిను ఎక్కువ ఉండేలా మరొకటి, మొత్తం మూడు టెంప్లేట్లు చేశాను. నిన్న ఒక్క రోజులోనే పేజీ సెటప్‌లోకి వెళ్లవలసిన అవసరం దాదాపు తప్పింది. పద్దెనిమిదేళ్లలో ఈ పని ఎందుకు చేయలేదా అని బాధపడుతున్నాను. ఆప్షన్స్‌లో డాక్స్‌ను ఎప్పటికీ అదే ఉండేలా పెట్టడం మాత్రం తీసేశాను. ఇప్పుడు నేను పనిచేసే అసలు ఫైలు ఓడీటీలో ఉంటుంది, బయటికి పంపేటప్పుడు మాత్రమే సేవ్ యాజ్‌తో డాక్స్ ప్రతి తీస్తాను. దీనితో ఒక ఫైలుకు రెండు ప్రతులు తయారై, ఏది తాజాదో అన్న కొత్త చిక్కు వచ్చింది. దానికి మీ ఎవరి దగ్గరా మందు ఉన్నట్టు నాకు కనిపించడం లేదు.

నల్లరేగడి, ఆదోని

నేను పాత ఫైలు ఏదో కొత్త ఫైలు ఏదో తెలియడానికి పేరు చివర తేదీ రాసుకుంటాను. తేదీ తిరగేసి, ముందు ఏడాది, తరువాత నెల, తరువాత రోజు రాస్తే ఫోల్డరులో అవే వరుసగా నిలబడతాయి. కంప్యూటరు సెట్టింగు కాదు గానీ పనికొస్తుంది.

పెన్నాగట్టు, కడప

అమ్మగారి పద్ధతిని ఈ రోజునుంచే మొదలుపెడుతున్నాను. రేనాడు గారి రెండు విమర్శలూ న్యాయమైనవి. టెంప్లేటు మార్చి పంపడం ఇకమీద మానేస్తాను. స్టైళ్లలో మార్పులేమైనా ఉంటే అన్ని వ్యాసాలూ నా దగ్గరికి చేరాక నేనే ఒక్కసారి చేస్తాను, వ్యాసకర్తల వైపునుంచి శీర్షికను శీర్షిక స్టైలులోను, పేరాను పేరా స్టైలులోను ఉంచడం తప్ప ఏమీ కోరను. స్పేస్ బారుతో మధ్యకు జరిపినవి నేను చేత్తో తీసుకుంటాను.

ఆప్షన్స్ కాగితాన్ని బృందం తరఫున వెనక్కి తీసుకుంటున్నాను. దానిలో మిగిలేవి మీ పేరు, బ్యాకప్ గడి, రికవరీ నిమిషాలు, ఇంతే. డాక్స్ విషయంలో నాకూ కోర్టు వీధి డీటీపీ గారికీ ఏకాభిప్రాయం కుదరదు. ఈ సంపుటం వరకు మాత్రం తిరిగి వచ్చేది ఓడీటీగానే రావాలి, ఎవరైనా డాక్స్‌గా పంపితే వారి మార్పులను చూసి నేను అసలు ఫైలులో మళ్లీ ఎక్కిస్తాను.

ఈ సాయంత్రం రెండు ఫైళ్లు పంపుతున్నాను. ఒకటి 212 పేజీల పీడీఎఫ్. రెండోది ఫాంటు పొదిగిన ఓడీటీ, అందులో రేనాడు గారి శాసన పాఠం ఉన్న వ్యాసం మాత్రమే ఉంటుంది. ప్రొద్దుటూరు వారు దాన్ని తెరిచి, మూడో పేజీలో పైనుంచి ఆరో లైనులో ౚ అక్షరంగా కనబడుతోందా, ఖాళీ గడిగా కనబడుతోందా, ఫాంటు పేరు నిటారుగా ఉందా, వాలుగా ఉందా అన్న రెండు సంగతులు మాత్రం ఇక్కడ రాయండి. ఏమీ మార్చకుండా, సేవ్ చేయకుండా మూసేయండి.